గీజరు వయసు ఎవరి ఖాతాలో?

మే నెల చివర్లో మా అద్దె ఒప్పందానికి పదకొండు నెలలు నిండాయి. ఇంటి యజమాని కొత్త కాగితం రాయించి పంపారు. ఇన్నేళ్లూ చేసినట్టు చివరి పేజీలో సంతకం పెట్టి ఇచ్చేయకుండా ఈసారి మొదటి నుంచి చదివాను. తొమ్మిదో షరతు దగ్గర ఆగిపోయాను. "ఇంట్లోని గీజర్లు, ఏసీ, చిమ్నీ, ఫ్యాన్లు తదితర విద్యుత్ పరికరాల మరమ్మతులు, అవసరమైతే వాటి మార్పిడి, పూర్తిగా అద్దెదారు బాధ్యత." పాత కాగితంలో ఈ వాక్యం లేదు. మధ్యలో ఏమి జరిగిందో చెప్తే అది ఎందుకు వచ్చిందో మీకే అర్థమవుతుంది.

మేము ఉండేది హైదరాబాదు నిజాంపేటలో, మూడో అంతస్తు, రెండు పడగ్గదుల ఫ్లాటు. అద్దె 22 వేలు, మెయింటెనెన్సు వేరు. పద్నాలుగేళ్లలో ఇది మా ఆరో అద్దె ఇల్లు. నీళ్లు బోరువి, వేసవిలో ట్యాంకరువి. బకెట్టు రెండు రోజులు కడగకపోతే అంచున తెల్లటి గీత కట్టే నీళ్లు.

గత డిసెంబరులో ఒక ఉదయం గీజరు నీళ్లు గోరువెచ్చగా కూడా కాలేదు. ఇంట్లో మోకాళ్ల నొప్పులతో బాధపడే మామగారు ఉన్నారు, చన్నీళ్ల స్నానం ఆయనకు కుదరదు. సాయంత్రానికి మెకానిక్ వచ్చాడు. బాత్రూము గడప దగ్గర పాత దినపత్రిక పరిచి, గీజరు కింది మూత విప్పి, నీళ్లను కాచే ఎలిమెంటును బయటికి లాగాడు. అది రాగి గొట్టమని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. చుట్టూ బొటనవేలు మందాన సున్నం గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవరు పిడితో తడితే పెచ్చులు పెచ్చులుగా రాలి కాగితం మీద కుప్ప పడింది. తర్వాత ఇంకొకటి తీసి చూపించాడు. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోతూ కాపాడే మెగ్నీషియం కడ్డీ ఉండాల్సిన చోటు అది. కడ్డీ ఎప్పుడో కరిగిపోయింది, నడిమి తీగ ఒక్కటే మిగిలింది. "దీన్ని ఒక్కసారి కూడా మార్చలేదండీ. ఈ నీళ్లకు ఏడాదికో, మహా అయితే రెండేళ్లకో మార్చాలి" అన్నాడు. గీజరు పక్కన అంటించిన కాగితం మీద తయారీ సంవత్సరం 2015 అని ఉంది. మేము ఆ ఇంట్లో దిగి అప్పటికి ఆరు నెలలు.

యజమానికి ఫోను చేశాను. "రోజూ వాడుకునేది మీరే కదండీ, మీరే చేయించుకోవాలి. మేము ఇచ్చినప్పుడు బాగానే ఉంది" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. సంక్రాంతికి అరిసెలు పంపిస్తారు, అద్దె నాలుగు రోజులు ఆలస్యమైతే ఒక్క మాట అనరు. మనసులో ఉన్నదే చెప్పారు. నేను 2,650 రూపాయలు కట్టి ఎలిమెంటు, కడ్డీ, థర్మోస్టాట్ కొత్తవి వేయించాను.

మార్చిలో ట్యాంకే కారడం మొదలైంది.

ఇచ్చినప్పుడు బాగానే ఉంది

ఈ మాట నన్ను నెలల తరబడి వదల్లేదు. అబద్ధం కాదు. మేము దిగిన రోజున స్విచ్చి వేస్తే ఎర్ర దీపం వెలిగింది, పావుగంటలో నీళ్లు కాగాయి. కానీ ఆ రోజుకే లోపల దాదాపు పదేళ్ల సున్నం పేరుకుని ఉంది, కడ్డీ కరిగిపోయి ఉంది. స్విచ్చి వేసి చూసేవారికి ఇవేవీ కనిపించవు. వస్తువు ఆ పూట పనిచేయడం వేరు, వస్తువు బాగుండటం వేరు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు మొదటిదే చూడగలరు. రెండోది తెలుసుకునే వీలు ఇంటివారికి మాత్రమే ఉంటుంది, ఎందుకంటే అది ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు మెకానిక్‌ను పిలిచారో వాళ్లకే తెలుసు.

మాకంటే ముందు ఆ ఇంట్లో ముగ్గురు అద్దెకుండి వెళ్లారని వాచ్‌మన్ చెప్పాడు. ఆ సున్నం తిలాపాపం తలా పిడికెడు. అందరూ స్నానాలు చేశారు, అందరి నీళ్లూ ఆ గొట్టం మీద తమ పొర తాము వేసి వెళ్లాయి. ఖర్చు మాత్రం అది ఆగిపోయిన రోజున ఎవరున్నారో వాళ్ల నెత్తిన పడింది. ముందున్నవాళ్లలో ఎవరూ తప్పు చేయలేదు, మేమూ చేయలేదు. ఎవరి తప్పూ లేకుండా, కాలం గడవడం వల్ల జరిగే నష్టాన్ని ఎవరు భరించాలి? ఆ కాలమంతా ఆ వస్తువు ఎవరి సొంతమో వాళ్లే భరించాలి. మేము పదకొండు నెలలకో, ఇరవై రెండు నెలలకో వెళ్లిపోతాం. గీజరు ఎనిమిదేళ్లు, పదేళ్లు అదే గోడకు ఉంటుంది.

కాబట్టి నేను చెప్పేది ఇది. ఇంటితో పాటు ఇచ్చిన పరికరం వయసు వల్ల, నీటి వల్ల, మామూలు వాడకం వల్ల చెడితే ఆ ఖర్చు యజమానిది. అద్దెకున్నవారి నిర్లక్ష్యం వల్ల చెడితే వాళ్లది. మన ఊళ్లలో ఇలాంటి గొడవ వచ్చిన ప్రతిసారీ "ఎవరు వాడుతున్నారు" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒక్కటే, అద్దెకున్నవారే. అడగాల్సింది "ఎందుకు చెడింది" అని.

డైరెక్ట్ చేసేయమంటారా

ఆ డిసెంబరు సాయంత్రం ఇంకొక సంభాషణ జరిగింది. మెకానిక్ థర్మోస్టాట్‌ను వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇది కూడా పోయేలా ఉంది. సొంత ఇల్లా, అద్దె ఇల్లా అండీ?" అని అడిగాడు. అద్దె అన్నాను. "అయితే కొత్తదెందుకు, డైరెక్ట్ చేసేయమంటారా?" అన్నాడు.

డైరెక్ట్ చేయడమంటే థర్మోస్టాట్‌ను పక్కకు తప్పించి కరెంటును నేరుగా ఎలిమెంటుకు ఇవ్వడం. నీళ్లు కాగాక దానంతట అది ఆగదు. మనం గుర్తుపెట్టుకుని స్విచ్చి ఆపాలి. మరిచిపోతే లోపల నీళ్లు మరుగుతూ ఆవిరి ఒత్తిడి పెరుగుతూ పోతుంది, దాన్ని ఆపడానికి చిన్న వాల్వు తప్ప ఏమీ ఉండదు. ఆ వాల్వు కూడా సున్నంతో బిగుసుకుపోయి ఉంటే ఏమవుతుందో అతను చెప్పలేదు, నేనే అడిగాను. "అప్పుడు ప్రమాదమేనండీ. కానీ అద్దె ఇళ్లలో చాలామంది డైరెక్టే చేయించుకుంటారు. నాలుగైదు వందలు మిగులుతాయి కదా" అన్నాడు.

అతన్ని తప్పుపట్టలేను. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి చేస్తున్నాడు. అడిగేవాళ్ల లెక్క కూడా నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ క్షణంలో నా బుర్రలోనూ అదే లెక్క నడిచింది. మేలో ఒప్పందం అయిపోతుంది. ఐదు నెలల కోసం వేరొకరి గీజరు మీద ఎంత పెట్టాలి? అద్దెదారుకు ఆ వస్తువు రేపు ఎలా ఉంటుందన్న చింత ఉండదు, ఈ రోజు గడిస్తే చాలు. డబ్బు ఎవరు పెడితే ఏ రకం మరమ్మతు చేయాలో కూడా వాళ్లే నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం త్వరలో వెళ్లిపోయేవాళ్ల చేతిలో పెట్టడం యజమానికీ నష్టమే. తర్వాత దిగే కుటుంబానికి, అందులోని పిల్లలకు, అది ప్రాణాపాయం. ఏసీలో గ్యాసు ఎక్కడ కారుతోందో వెతక్కుండా ఏటా నింపుకుంటూ పోవడం, ఎర్తింగ్ లేని సాకెట్టుకు టేపు చుట్టి వదిలేయడం, ఇవన్నీ ఈ లెక్క నుంచి పుట్టేవే.

చట్టం నాకు ఎదురు నిలిచింది

మార్చిలో ట్యాంకు కారినప్పుడు యజమాని "కొత్తది పది వేలవుతుంది, చెరి సగం పెట్టుకుందాం" అన్నారు. "నేను ఖాళీ చేసేటప్పుడు నా సగం నాకు తిరిగి ఇస్తారా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. రెండు వారాల పాటు మామగారికి పొయ్యి మీద నీళ్లు కాచి, గిన్నెను గుడ్డతో పట్టుకుని బాత్రూము దాకా మోశాం. చివరికి యజమానే కొని పెట్టించారు. తొమ్మిదో షరతు ఆ రెండు వారాల ఫలితం.

ఆ రోజుల్లోనే చట్టం ఏమంటుందో వెతికాను. న్యాయం నా వైపు ఉందన్న నమ్మకంతో మొదలుపెట్టాను. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం తెరిచి, ఏ మరమ్మతు ఎవరిదో చెప్పే రెండో షెడ్యూలు చూశాను. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటే తప్ప అమల్లోకి రాని నమూనా అది. గోడలు, కప్పు లాంటి కట్టడపు మరమ్మతులు, సున్నాలు, తలుపులకు రంగులు, పైపుల మార్పిడి, లోపలి బయటి వైరింగు యజమాని వైపు ఉన్నాయి. అద్దెదారు వైపు కుళాయిలు, వాషర్లు, కాలువల శుభ్రం, స్విచ్చులు, సాకెట్లు, తలుపుల గొళ్లేలు, తాళాలు, దోమతెరలు, కిటికీ అద్దాలు. వాటి మధ్యలో, స్పష్టంగా, గీజరు మరమ్మతు. పెద్ద వైరింగు పనులు మినహా విద్యుత్ పరికరాల మరమ్మతు, మార్పిడి కూడా అటు వైపే.

రెండు రోజులు నా అభిప్రాయం మీద నాకే అనుమానం వచ్చింది. చట్టం రాసినవాళ్లు ఆలోచించకుండా రాసి ఉంటారా? ఆ జాబితాను మళ్లీ మళ్లీ చదివాను. అందులో చాలా భాగం సబబే. కుళాయి వాషరు పోయిందని యజమానిని పిలవడం ఎవరికీ పని జరిగే పద్ధతి కాదు. దోమతెర చిరిగితే ఆ ఇంట్లో తిరిగే పిల్లాడి చేతో, పిల్లి గోరో తగిలి చిరిగి ఉంటుంది. ఇవి పది, యాభై, రెండు వందల రూపాయల వస్తువులు. ఒక అద్దెదారు ఉన్న కాలంలోనే అరిగి, ఆ కాలంలోనే మారేవి. గీజరు వాటి పక్కన కూర్చోవాల్సిన వస్తువు కాదు. గోడలోని వైరింగును యజమాని వైపు ఎందుకు పెట్టారు? అది ఏళ్ల తరబడి పాతబడుతుంది కాబట్టి, ఇంటితోనే ఉండిపోతుంది కాబట్టి. అదే గోడకు బోల్టులతో బిగించిన గీజరుకూ ఆ రెండు మాటలూ వర్తిస్తాయి.

ఇంగ్లండులో 1985 నాటి యజమాని, అద్దెదారు చట్టం 11వ సెక్షను ఈ గీతను వేరే చోట గీసింది. ఏడేళ్ల లోపు ఒప్పందాల్లో నీటి, గ్యాసు, విద్యుత్ సరఫరా ఏర్పాట్లతో పాటు ఇల్లు వెచ్చబరిచే, నీళ్లు కాచే ఏర్పాట్లు కూడా యజమానే బాగుచేయించాలి. ఆ సరఫరాను వాడుకునే ఇతర పరికరాలు మాత్రం ఆ సెక్షను పరిధిలోకి రావు. అంటే వేడినీళ్లు ఇంట్లో భాగం, పొయ్యి వస్తువు. లండన్‌లో అద్దెకున్న మన తెలుగు కుటుంబాలకు శీతకాలంలో బాయిలరు ఆగితే మొదటి ఫోను ఇంటివారికే చేయడం అలవాటు. నాకు ఆ గీత న్యాయంగా తోచింది.

మన పాత చట్టం కూడా ఒకప్పుడు ఇంకా విశాలంగా ఆలోచించింది. ఉమ్మడి రాష్ట్రం నుంచి తెలంగాణకు వచ్చిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో "భవనం" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే యజమాని సమకూర్చిన ఫర్నిచరు, బిగించిన సామగ్రి కూడా ఉన్నాయి. ఇంట్లో ఇచ్చిన వస్తువు ఇంట్లో భాగమేనని అప్పుడే ఒప్పుకున్నారు. కానీ 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని కిందికి రాకుండా పోయాయి. మా ఇల్లు ఆ చట్టం గడప కూడా తొక్కదు.

మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 108వ సెక్షను ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి, అయితే సహజమైన అరుగుదలకు మినహాయింపు ఉంది. యజమాని చేయాల్సిన మరమ్మతును తెలియజేసినా సకాలంలో చేయకపోతే అద్దెదారే చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. మంచి మాటే. కానీ ఏది "యజమాని చేయాల్సిన మరమ్మతు"? ఒప్పందంలో వేరే రాసుకోకపోతేనో, స్థానిక ఆచారం వేరుగా లేకపోతేనో వర్తించే సెక్షను అది. నమూనా చట్టం కూడా షెడ్యూలు ప్రకారం "లేదా ఒప్పందంలో రాసుకున్న ప్రకారం" అంటుంది. చివరికి అంతా ఆ పదకొండు నెలల కాగితం మీదికే వచ్చి ఆగుతుంది. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించాలన్న నమ్మకంతో పదకొండు నెలలకు కుదించి, జిరాక్సు షాపులో పేర్లు మార్చి అచ్చు తీసి, ఇద్దరూ చదవకుండా సంతకం పెట్టే కాగితం. నేను ఐదు ఇళ్లలో చదవకుండానే పెట్టాను.

తెనాలి మేడ మీది ఇల్లు

ఇంతవరకూ అద్దెదారుగానే మాట్లాడాను. నేను ఇంటివారి బిడ్డను కూడా.

తెనాలిలో మా అమ్మ కింద ఉంటుంది, మేడ మీది భాగం అద్దెకు ఇస్తుంది. నాన్న పోయాక నెల నెలా ఆమె చేతికి వచ్చేది ఆ 9 వేల అద్దే. నాలుగేళ్ల కిందట వేసవిలో బోరు మోటారు కాలిపోయింది. పైన ఉన్న అమ్మాయి మోటారు వేసి, మరిచిపోయి, పిల్లాడిని తీసుకుని బజారుకు వెళ్లింది. బోరులో నీళ్లు అందక మోటారు గంటల తరబడి ఊరికే తిరిగింది. వైండింగు షాపతను నల్లబడ్డ తీగ చుట్టను అమ్మకు చూపించి, "పాతబడి పోయింది కాదమ్మా, నీళ్లు లేకుండా తిరిగి కాలిపోయింది" అన్నాడట. అమ్మ నాకు ఫోను చేసింది. "ఇందులో ఆలోచించేదేముంది, మొత్తం వాళ్ల దగ్గరే తీసుకో" అన్నాను.

అమ్మ సగమే తీసుకుంది. ఎందుకని అడిగితే, "నీళ్లు అయిపోతే దానంతట అది ఆగే పెట్టె పెట్టించుకోమని షాపతను మూడేళ్ల నుంచి చెప్తున్నాడు. మనం పెట్టించలేదు. కింద బోరులో నీళ్లు ఎంత ఉన్నాయో మేడ మీద ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది?" అంది. ఆ నెలలోనే ఆ పెట్టె పెట్టించింది. తర్వాత మోటారు కాలలేదు.

నా సూత్రం ప్రకారం అది నిర్లక్ష్యమే, మొత్తం అద్దెదారే కట్టాలి. అమ్మ చూసినంత దూరం నేను చూడలేదు. నిర్లక్ష్యం ఒక వైపే ఉండాలని లేదు. మరిచిపోవడం మనుషులకు సహజం. మరిచిపోతే కాలిపోయేలా ఏర్పాటును వదిలేయడం కూడా ఒక తప్పే. అప్పటి నుంచి "ఎందుకు చెడింది" అన్న ప్రశ్న వెనక "చెడకుండా ఆపగలిగినవారు ఎవరు" అన్న ఇంకో ప్రశ్న కూడా ఉందని నమ్ముతున్నాను.

ఆ మరుసటి ఏడాది మేడ మీది గీజరు ట్యాంకు పోయింది. కొత్తదానికి 8,500 అయింది, అమ్మకు దాదాపు ఒక నెల అద్దె. ఆ నెల కంటి పరీక్ష వాయిదా వేసుకుందని నాకు తర్వాత తెలిసింది. "యజమానే భరించాలి" అని రాస్తున్న ప్రతిసారీ ఆ వాయిదా పడిన కంటి పరీక్ష గుర్తుకొస్తుంది. ఇంటివారందరికీ నాలుగు ఫ్లాట్లు ఉండవు. ఒక్క మేడ మీది గది మీద బతికేవాళ్లు వేలమంది ఉన్నారు. అద్దెకున్నవాళ్లలో వాళ్లకంటే నాలుగు రెట్లు సంపాదించేవాళ్లూ ఉన్నారు.

దీనికి జవాబు కోసం చాలా తిరిగాను, చివరికి ఒక చిన్న లెక్క దగ్గర నా మనసు కుదుటపడింది. 8,500 రూపాయల గీజరు ఎనిమిదేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 90 రూపాయలు కూడా పడదు. ఆ 90 రూపాయలు అద్దెలో కలిపి తీసుకునే హక్కు అమ్మకు పూర్తిగా ఉంది. 9 వేల చోట 9,100 అడిగితే ఎవరూ కాదనరు. ఎనిమిదేళ్లలో వచ్చే నలుగురు అద్దెదారులూ తమ తమ వంతు అలా ఇచ్చేస్తారు. కూడని పని ఏమిటంటే, ముగ్గురిని వదిలేసి నాలుగోవారి దగ్గర ఒక్కసారిగా 8,500 అడగడం. ఇప్పుడు అమ్మ ప్రతి నెలా అద్దె రాగానే మూడు వందలు వేరే డబ్బాలో వేస్తోంది. గత ఏడాది పైన ఫ్యాను పోతే ఆ డబ్బాలోంచే తీసింది.

పన్ను చట్టం కూడా ఇలాగే ఆలోచిస్తుంది. అద్దె ఆదాయంలో ఆస్తి పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతాన్ని ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసేస్తారు. నిజంగా ఎంత ఖర్చు పెట్టారని అడగరు, బిల్లు చూపించనక్కర్లేదు. ఇంటి నిర్వహణకు ఖర్చవుతుందన్న అంచనాతోనే ఆ మినహాయింపు. ఆస్తి పన్నును పక్కన పెడితే మా అద్దె మీద అది ఏడాదికి 79 వేల చిల్లర. 20 శాతం శ్లాబులో ఉన్న యజమానికి దాదాపు 16 వేల పన్ను మిగులుతుంది, అది ఒక గీజరు ధరకు మించిన మొత్తం. అమ్మలాంటివాళ్లకు పన్ను కట్టేంత ఆదాయమే లేదు కాబట్టి ఇది వర్తించదు, ఒప్పుకుంటాను. కానీ మరమ్మతు ఖర్చు పేరుతో ప్రభుత్వం దగ్గర మినహాయింపు తీసుకుని, అదే ఖర్చును అద్దెదారు దగ్గర వసూలు చేసే యజమానులకు ఏమి చెప్పాలి?

అదనంగా వదిలిన ఏసీ

నిజాంపేటకు ముందు కొండాపూర్‌లో ఇరవై రెండు నెలలు ఉన్నాం. అదే సముదాయంలో ఖాళీ ఫ్లాటు కంటే మా ఫ్లాటు అద్దె నాలుగు వేలు ఎక్కువ, ఎందుకంటే ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం ఉన్నాయి. రెండో వేసవిలో ఏసీ కంప్రెసరు పోయింది. "అవి మీ సౌకర్యం కోసం అదనంగా వదిలాం, వాటి బాగోగులు మీవే" అన్నారు ఇంటివారు. ఆ నాలుగు వేలను ఇరవై రెండుతో హెచ్చవేసి చూసుకున్నాను. 88 వేలు. ఆ వస్తువులను కొత్తగా కొన్నా దాదాపు అంతే అయ్యేది. డబ్బు తీసుకునేటప్పుడు అవి ఇంట్లో భాగం, చెడినప్పుడు వదిలేసి వెళ్లిన సామాను. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

నా చిన్ననాటి స్నేహితుడు కాలిఫోర్నియాలో అద్దెకుంటాడు, హైదరాబాదులో అతనికి రెండు ఫ్లాట్లు అద్దెకిచ్చి ఉన్నాయి. అక్కడ ఫ్రిజ్, పొయ్యి యజమాని ఇచ్చి తీరాలన్న నియమం ఇంతకుముందు ఉండేది కాదు. 2026 జనవరి 1 నుంచి రాసుకునే, పొడిగించే ఒప్పందాలకు ఆ రెండూ పనిచేసే స్థితిలో సమకూర్చి, అలాగే నిలబెట్టాల్సిన బాధ్యత చట్టం యజమాని మీద పెట్టింది. జనవరిలో అతను ఎంతో సంతోషంగా ఈ సంగతి ఫోనులో చెప్పాడు. "మరి ఇక్కడ నీ ఫ్లాట్లలో?" అని అడిగాను. కాసేపాగి, "ఇక్కడంతా మా బావ చూసుకుంటాడురా" అన్నాడు. వారం తర్వాత మెసేజ్ పెట్టాడు, ఇకమీద గీజరు, ఏసీ బిల్లులు అద్దెలో మినహాయించుకోమని ఇద్దరికీ చెప్పానని. అద్దెకుండే మనిషే అద్దెకిచ్చే మనిషి కూడా అయినప్పుడు ఇది ఎంత తేలిగ్గా అర్థమవుతుందో చూశాను.

ఇంటివారంతా ఇలా భరించాల్సి వస్తే అసలు ఏ వస్తువూ ఇవ్వరు, గోడకు గీజరు పాయింటు ఒక్కటే వదిలేస్తారని నా మిత్రులు చాలామంది అంటారు. అలా చేసేవాళ్లు ఉంటారు. దాని వల్ల ఇబ్బంది కూడా ఉంది. ఇల్లు మారిన ప్రతిసారీ గీజరు విప్పించి, మోయించి, కొత్త గోడకు కన్నాలు కొట్టించడం మామూలు తలనొప్పి కాదు. అయినా నాకు అది సమ్మతమే. గోడకున్నది నా గీజరు అయితే దాని కడ్డీ నేనే మార్పించుకుంటాను, వెళ్లేటప్పుడు తీసుకెళ్తాను, అద్దె ఆ మేరకు తగ్గించమని అడుగుతాను. ఎవరిది ఏదో తేలిపోతుంది.

కుర్చీ ఎక్కి చదివిన కాగితం

తొమ్మిదో షరతు బదులు నేను ఒక వాక్యం రాసుకుని మియాపూర్‌లో ఉన్న మా యజమాని ఇంటికి వెళ్లాను. "ఒప్పందం నాటికి ఇంట్లో ఉన్న పరికరాలు వయసు వల్ల, సహజమైన అరుగుదల వల్ల చెడితే ఖర్చు యజమానిది, అద్దెదారు నిర్లక్ష్యం వల్ల చెడితే అద్దెదారుది, కారణం మెకానిక్ రాసి ఇవ్వాలి." ఆయన రెండుసార్లు చదివారు. వాళ్ల ఆవిడ మజ్జిగ ఇచ్చి పక్కనే కూర్చున్నారు.

"మెకానిక్‌ను పిలిచేది మీరు. మీకు అనుకూలంగానే రాస్తాడు కదండీ" అన్నారు.

న్యాయమైన సందేహమే. "మీరు చెప్పినవారినే పిలుస్తాను" అన్నాను. ఆ మాట కాగితంలో చేర్చాం. చిమ్నీ దగ్గర ఆయన ఒప్పుకోలేదు. నూనె జిడ్డు మా వంట వల్లే పడుతుందన్నారు, నేనూ కాదనలేకపోయాను. ఫిల్టర్ల శుభ్రం, ఏసీకి ఏటా సర్వీసింగు మావి. కంప్రెసరు, గీజర్ల ట్యాంకులు, ఎలిమెంట్లు, మెగ్నీషియం కడ్డీలు ఆయనవి. డిసెంబరులో నేను కట్టిన 2,650 గురించి అడిగాను. అది పాత ఒప్పందం నాటి సంగతి అన్నారు. అక్కడ నేను గట్టిగా నిలబడి ఉండాల్సింది, నిలబడలేదు.

పరికరాల వయసు కూడా కాగితంలో ఉండాలని ఆయనే అన్నారు. మరుసటి ఆదివారం మా ఇంటికి వచ్చారు. కొత్త గీజరు బిల్లు మీది తేదీ రాసుకున్నాక రెండో బాత్రూములోకి వెళ్లాం. అక్కడిది పాతదే. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, ఫోను వెలుగులో, తడికి ఉబ్బిన కాగితాన్ని బొటనవేలితో తుడిచి చదవడానికి ప్రయత్నించారు. కింద నేను కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. నెల చెరిగిపోయింది. సంవత్సరం మాత్రం కనిపించింది, 2015. నేను రాసుకున్నాను. ఆయన కుర్చీ మీద నుంచి దిగకుండానే, "ఆ కడ్డీ ఎంతవుతుందండీ?" అని అడిగారు. మెకానిక్ నంబరు ఇచ్చాను.